ఎడమకు ఒరిగే కుర్చీ

మా కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టి ఏడాది తిరక్కముందే నా భార్య కుర్చీ అమ్మేసింది.

ఆ పిల్ల తప్పు అనను. తప్పు కాదనీ అనను. ఆమె వచ్చేనాటికి అత్తగారు లేరు, గోడ మీద ఫొటో ఉంది. ఫొటోలో ఆవిడ నిలబడి ఉంది. ఏ కుర్చీలో కూర్చునేదో ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. మావాడు చెప్పి ఉండాల్సింది. మావాడు బస్సుల డిపోలో మెకానిక్కు. ఇంజన్లో ఎక్కడో చిన్న చప్పుడు తేడాగా వస్తే అరమైలు దూరం నుంచి పట్టేస్తాడు. ఇంట్లో గోడ కూలినా పళ్ళెంలోంచి తల ఎత్తడు.

నాది పేము కుర్చీల పని. ఇంటి ముందుగదే కొట్టు. చట్రం నేను కొట్టేవాణ్ణి, సీటు ఆవిడ అల్లేది. తొట్టిలో నానిన పేము బద్దలు ఒడిలో వేసుకుని గుమ్మం పక్కన కూర్చునేది. ఎడమవైపు వీధి, కుడివైపు నేను. ఎటు తిరిగి కూర్చునేదో చెప్పక్కర్లేదు. అన్నేళ్ళు ఎడమకు ఒరిగి వీధితో మాట్లాడుతూ అల్లినందుకు ఆ కుర్చీ సీటు ఎడమవైపు కుంగింది. కొత్తది అల్లుకోమంటే వినేది కాదు. ఇది నాకు అలవాటైంది, దీనికి నేను అలవాటయ్యాను అనేది. నా గురించి ఆ మాట ఎప్పుడూ అన్లేదు.

ఆవిడ పోయాక మిల్లులో నేసిన పేము షీట్లు తెచ్చి చట్రాలకు మేకులతో కొడుతున్నాను. కోడలు వాటి ఫొటోల కింద 'చేతిపని' అని రాస్తుంది. మేకులు కొట్టేది చేత్తోనే కాబట్టి అబద్ధం కాదట.

కోడలు వచ్చాకే కొట్టు ఫోన్లోకి ఎక్కింది. డబ్బు రావడానికి ఒక ఆన్‌లైన్ ఖాతా తెరిచింది. ఖాతావాళ్ళు నా మొహం ఎదురుగా, పక్కగా, రెప్ప ఆర్పుతూ కావాలన్నారు. నాకు పిల్లనిచ్చిన మామగారు కూడా నన్ను అంత ఆరా తీయలేదు. ఎవరైనా ఫోన్లో కుర్చీ కొంటే డబ్బు ముందు ఆ ఖాతాలో పడుతుంది. వాళ్ళ కమీషన్ వాళ్ళు కోసుకుంటారు. మిగతాది వారం చివర బ్యాంకుకు వస్తుంది. ఈ మధ్యలో అది ఎక్కడ ఉంటుందని అడిగాను. ఎక్కడో ఉంటుంది మామయ్యా అంది.

నేను పేము కొనడానికి వెళ్ళిన రోజున అది జరిగింది. కొట్టులో ఉన్నవన్నీ ఫొటోలు తీస్తూ గుమ్మం పక్కనున్నదాన్నీ తీసింది. కింద 'పాతకాలపు కుర్చీ, వాడిన అందం' అని రాసింది. నేను మోపు భుజాన వేసుకుని తిరిగి వచ్చేసరికి గుమ్మం పక్కన నేల కనిపిస్తోంది. కుర్చీ కాళ్ళు ఆని ఆని పడ్డ మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. కోడలు ఎదురొచ్చి, కొత్తవాటికంటే దానికే ఎక్కువ ధర పలికిందని, పార్శిల్ అప్పుడే వెళ్ళిపోయిందని సంతోషంగా చెప్పింది.

బాగుంది అన్నాను. కోడలి ముందు ఏడుపు మొహం పెట్టుకుని నిలబడే అలవాటు నాకు లేదు.

మా బావమరిదికి మాత్రం కళ్ళున్నాయి. పక్కనే పాత సామాన్ల కొట్టు వాడిది. సాయంత్రం అయితే వచ్చి స్టూలు మీద కూర్చుని, వాళ్ళక్క కుర్చీకేసి చూస్తూ టీ తాగుతాడు. ఆ రోజూ వచ్చాడు.

"అక్క కుర్చీ ఏది బావా?"

"రిపేరుకు తీశాను."

"కుర్చీలు చేసేవాడి ఇంట్లో కుర్చీకి రిపేరా? ఎవరికిచ్చావ్?"

నీ పని చూసుకో అన్నాను. వాడికి పని ఉంటే కదా. మర్నాడూ అడిగాడు. ఆ తర్వాత అడగడం మానేసి, ఖాళీ నేలకేసి చూస్తూ టీ తాగడం మొదలుపెట్టాడు. అడగడమే నయం.

ఇంతలో కోడలి తల్లికి కంటి ఆపరేషన్ అన్నారు. కోడలు పుట్టింటికి బయల్దేరింది. కొట్టు ఫోను నా చేతిలో పెట్టి, బ్యాగు జిప్పు లాగుతూ రీఫండ్ల సంగతి చెప్పింది. ఎవరైనా వస్తువు నచ్చలేదంటే మూడు దారులు ఉంటాయట. వస్తువు వెనక్కి తెప్పించుకుని డబ్బంతా ఇవ్వడం ఒకటి. వస్తువు వాళ్ళకే వదిలేసి డబ్బంతా ఇవ్వడం రెండోది. మూడోది వస్తువు వాళ్ళ దగ్గరే ఉంచి కొంత డబ్బు ఇవ్వడం. ఏదొచ్చినా నొక్కకండి, నాకు ఫోన్ చెయ్యండి అంది. నేను తల ఊపాను. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నేను నేల మీద మచ్చలు చూస్తున్నాను. ఆ మచ్చల మీదే బ్యాగు పెట్టి జిప్పు లాగుతోంది.

ఆమె వెళ్ళిన మర్నాడే ఫోను మోగింది. కుర్చీ కొన్నది ఒక పళ్ళ డాక్టరట. వేచి ఉండే గది కోసం కొన్నాడట. ఇలా రాశాడు:

"కుర్చీ చాలా అందంగా ఉంది. కానీ సీటు ఎడమవైపు కుంగి ఉంది. మా పేషెంట్లందరూ ఎడమకు ఒరిగి కూర్చుంటున్నారు. కుడి దవడ నొప్పితో వచ్చినవాళ్ళు కూడా. దయచేసి రీఫండ్ ఇవ్వగలరు."

చదివి ఫోను బోర్లా పెట్టాను. మళ్ళీ తీసి చదివాను. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి ఇంకోసారి చదివాను. నచ్చలేదన్నాడు. వెనక్కి ఇచ్చేస్తాడు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కుర్చీ వచ్చి దాని మచ్చల మీద అది కూర్చుంటుంది. బావమరిది వచ్చి, రిపేరు అయిందా బావా అంటాడు. అయింది అంటాను.

కింద మూడు బొత్తాలు ఉన్నాయి. మొదటిది 'వస్తువు తిరిగి వచ్చాక పూర్తి రీఫండ్'. నొక్కాను. డబ్బు కదల్లేదు, ఇంకో పేజీ తెరుచుకుంది. కారణం ఎంచుకోండి అంది. అక్కడ ఉన్నవి రెండే. 'వస్తువులో లోపం ఉంది', 'తప్పు వస్తువు పంపాను'.

ఆవిడ అల్లికలో లోపం ఉందని నా వేలితో నేను నొక్కాలట. ఆవిడ అల్లిన సీట్లు ఈ ఊళ్ళో తాతల దగ్గర్నుంచి మనవల దాకా వచ్చాయి గానీ ఒక్కటీ తెగలేదు. అది లోపం కాదు. ఆవిడ కూర్చున్న చోటు. దానికి వాళ్ళ దగ్గర బొత్తాం లేదు. రెండోది నొక్కితే, కోడలు తప్పు చేసిందని రాసిచ్చినట్టే. వెనక్కి వచ్చేశాను.

ఇంకొకటి కూడా ఉంది. మా వీధిలో వస్తువు వెనక్కి తెచ్చినవాడి చేతిలో వెంటనే డబ్బు పెట్టరు. పెడితే, అది పాడు సరుకని నీకు ముందే తెలుసన్నమాట అనుకుంటారు. ముందు వస్తువు తిరగేసి చూడాలి. ఎండలో పెట్టావా, పిల్లలు ఎక్కి తొక్కారా అని అడగాలి. అతను కాదనాలి. మెట్లు దిగి పోతున్నట్టు పోవాలి, మనం పిలవాలి. వాడకానికి ఇంత పోనిమ్మని మనం ఒక అంకె అంటాం, అతను ఒకటి అంటాడు. ఎక్కడో ఒకచోట ఆగి, వస్తువు మనం తీసుకుని డబ్బు అతనికి ఇస్తాం. ఇంత జరిగితేనే ఇద్దరికీ మర్యాద. ఇందులో ఒకటే సూత్రం. వస్తువు మీద మనసున్నట్టు ఎవరికీ కనపడకూడదు.

మూడో బొత్తాం చూశాను. 'కొంత రీఫండ్'. నొక్కితే ఖాళీ గడి వచ్చింది, అంకె వేయమంది. కారణం అడగలేదు. నన్ను అర్థం చేసుకున్న బొత్తాం అదొక్కటే అనిపించింది. నా జీవితంలో ఖాళీగా వదిలిన అంకె దేనికంటే బేరానికే.

ధరలో పావు వంతు వేశాను. సరే అని నొక్కాను. పక్కన మాట రాసుకునే చోట, సీటు అలా ఉండడం పేముకు సహజం, మీరు వాడింది కూడా చూసుకోవాలి కదా అని రాశాను. కుర్చీ పంపమని రాయలేదు. అడిగినవాడు లోకువ.

సాయంత్రానికి జవాబు వచ్చింది. మీ మంచితనానికి కృతజ్ఞతలు, అయితే కుర్చీ సంగతి అలాగే ఉంది, ఇవాళ ఒక పెద్దావిడ జారి పక్కాయన ఒళ్ళో పడబోయింది అని రాశాడు. కృతజ్ఞతలతో మొదలుపెట్టేవాడు గట్టి బేరగాడు. సున్నితంగా ఉంటాడు గానీ దిగడు. ఇంకో పావు వేశాను. ఇంతకు మించి మా వల్ల కాదు అని రాశాను. ఆ మాట మూడుసార్లయినా అనకపోతే బేరం కిందికి రాదు.

ఆయన మళ్ళీ కృతజ్ఞతలు చెప్పాడు. ఇంత ఉదారంగా ఉంటారనుకోలేదన్నాడు. సీటుకు ఏదైనా మార్గం చెప్పగలరా అన్నాడు. మెట్లు దిగి పోతున్నాడని అర్థమైంది నాకు. పోనిచ్చాను. రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. అతనూ రాయలేదు. గట్టివాడే అనుకున్నాను. నాకు ఆ డాక్టరు మీద గౌరవం పుట్టింది. ఈ రోజుల్లో చదువుకున్నవాళ్ళకు ఇంత ఓపిక ఉండదు.

మూడోనాడు నేనే పిలిచాను. ఇంకొంత వేశాను. ఆయన దండం పెట్టే చేతుల బొమ్మ ఒక్కటే పంపాడు. మాట లేదు. చేతులు జోడించి నిలబడ్డవాడితో ఏం బేరం ఆడతాం. సరే పొమ్మని మిగిలింది కూడా వేసేశాను. ధర మొత్తం అయింది. వాడకానికి ఏమీ తగ్గించుకోలేదు. పోనీ. కుర్చీ వస్తోంది.

సరే అని నొక్కగానే ఫోను చెప్పింది: 'ఈ ఆర్డరులో ఇక రీఫండ్ చేయవలసింది ఏమీ లేదు. సమస్య పరిష్కారమైంది. మీ సేవకు అభినందనలు.'

చిన్నప్పటి నుంచి బేరాలాడుతున్నాను, ముగిశాక అభినందించినవాణ్ణి చూడ్డం అదే మొదటిసారి. గుమ్మం పక్కన నేల తుడిచాను. తొట్టిలో నీళ్ళు మార్చాను. ఎందుకు మార్చానో తెలీదు, నాకు అల్లిక రాదు.

పార్శిల్ కుర్రాడు రోజూ వచ్చి మావి పట్టుకుపోయేవాడు. ఏమైనా తెచ్చావా అని అడిగేవాణ్ణి. నేను తీసుకెళ్ళేవాణ్ణి మామా, తెచ్చేవాణ్ణి కాదు అనేవాడు. బావమరిది స్టూలు మీద నుంచి ఇదంతా వింటూ ఉండేవాడు. ఏం రావాలి బావా అన్నాడు ఒకరోజు. పేము అన్నాను.

కోడలు తిరిగి వచ్చింది. బ్యాగు దించకముందే ఫోను చూసింది. వారం చివర బ్యాంకుకు డబ్బు సగం కూడా రాలేదట.

"మామయ్యా, ఒక్క కుర్చీకి ఇన్నిసార్లు రీఫండ్ ఇచ్చారేంటి?"

"ఇవ్వలేదు. బేరమాడాను."

"ఎవరితో?"

"పళ్ళ డాక్టరుతో. మొదట పావు అన్నాను. అతను తగ్గలేదు."

కోడలు అక్కడే బ్యాగు మీద కూర్చుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు.

"ఇందులో బేరం ఉండదు మామయ్యా. అంకె వేసి సరే అంటే డబ్బు వెళ్ళిపోతుంది. మీరు అన్న ప్రతిసారీ ఆయనకు డబ్బు చేరింది."

"అతను ఒప్పుకోకుండానే?"

"ఊరికే డబ్బు పంపుతుంటే ఒప్పుకునేదేముంది?"

డబ్బు మన బ్యాంకులోంచి పోలేదు కదా, నాకేం కనపడలేదు అన్నాను. బ్యాంకుకు రాకముందే, మిగతా కుర్చీలు అమ్మిన డబ్బులోంచి కోసుకున్నారంది. మొదట కోసుకున్న కమీషన్ వెనక్కి ఇచ్చారా అని అడిగాను. అది ఇవ్వరంది. అమ్మకానికి కమీషన్ తీసుకున్నారు, అమ్మకం రద్దయితే కూడా అది వాళ్ళదే. నేను చెడ్డవాణ్ణని వీధిలో పేరు. ఇంత ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

"సరే, డబ్బు పోయింది. కుర్చీ ఎప్పుడొస్తుంది?"

"కుర్చీ రాదు. కొంత రీఫండ్ అంటేనే వస్తువు మీరు ఉంచుకోండి అని. నేను చెప్పి వెళ్ళాను కదా. రావాలంటే మొదటిది నొక్కాలి."

"ఇప్పుడు నొక్కు."

"ఇప్పుడు ఏదీ నొక్కడానికి లేదు మామయ్యా. కేసు అయిపోయింది." ఫోను నా వైపు తిప్పింది. బొత్తాలు ఉన్నచోట తెల్లగా ఉంది. "అయినా ఆ పాతదానికి ఇంత బాధ ఎందుకు? డబ్బంటే సరే గానీ."

బావమరిది స్టూలు మీద గ్లాసు దించాడు. "ఏ పాతది?"

కోడలే చెప్పింది, గుమ్మం పక్కన ఉండేది కదా బాబాయ్, సీటు కుంగింది, అమ్మేశాను అని. వాడు నాకేసి చూశాడు.

"రిపేరుకు తీశానన్నావు."

"నీ పని చూసుకో."

"అది మా అక్క కూర్చునేది అమ్మాయ్" అన్నాడు కోడలితో, నన్ను వదిలేసి. "చివరిదాకా దాంట్లోనే కూర్చుంది. ఆ సీటు కూడా తనే అల్లుకుంది. చేతి అల్లికది ఈ కొట్టులో మిగిలింది అదొక్కటే."

కోడలు నేల మీద మచ్చలకేసి చూసింది. బ్యాగు పక్కకు జరిపింది. ఒక్కమాట చెప్పి ఉంటే అమ్మేదాన్ని కాదు కదా మామయ్యా అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

డాక్టరుకు తనే రాసింది. ఏం రాసిందో నేను చదవలేదు. జవాబు మాత్రం చదివి వినిపించమన్నాను.

డాక్టరు మంచివాడు. అదే నాకు మింగుడు పడలేదు. చాలా బాధపడుతున్నాను, మొదటి రోజే చెప్పి ఉంటే అదే పెట్టెలో వెనక్కి పంపేవాణ్ణి, మీరు సీటు బాగు చేయించుకోమని డబ్బు పంపుతున్నారనుకున్నాను, మీరు పంపిన డబ్బుతోనే కొత్త సీటు వేయించాను అని రాశాడు. కింద ఫొటో పెట్టాడు. నా చట్రం మీద నీలం తెలుపు ప్లాస్టిక్ పట్టీలు, బిగువుగా, సమంగా. ఎటూ ఒరగదు.

పాత పేము ఉందేమో అడగమన్నాను. అడిగింది. అల్లినవాడు విప్పి చెత్తలో వేశాడట. కుర్చీ ఇవాళే పంపిస్తాను, ఖర్చు నాది, క్షమించండి అని కూడా రాశాడు.

"పంపమని రాయనా మామయ్యా?"

"వద్దని రాయి."

"అత్తయ్య కుర్చీ కదా."

"ఇప్పుడది నా చట్రం. అలాంటివి కొట్టు నిండా ఉన్నాయి."

బావమరిది లేచి తన కొట్టుకు వెళ్ళిపోయాడు. గ్లాసు మా స్టూలు మీదే వదిలేశాడు. అప్పటి నుంచి టీ తన కొట్టులోనే తాగుతున్నాడు. నాకు ఎదురుగా వచ్చినా, ఏం బావా అంటాడు గానీ జవాబు కోసం ఆగడు.

కథ ఇక్కడితో ఆగాల్సింది. ఖాతావాళ్ళు ఆగనివ్వలేదు. మా బేరం నడుస్తుండగానే ఆ డాక్టరు అందరికీ కనపడేలా మా కొట్టు గురించి రాశాడట. ఒక్కసారి అడిగితే డబ్బు విడతలు విడతలుగా పంపారు, కుర్చీ కూడా నన్నే ఉంచుకోమన్నారు, ఇలాంటి వ్యాపారులు ఇంకా ఉన్నారు అని. అది చదివి జనం మా కుర్చీలు కొనడం మొదలుపెట్టారు. కొన్న మర్నాడే సీటు కుంగిందని రాయడమూ మొదలుపెట్టారు. మిల్లు షీటు కుంగదు, కావాలంటే చిరుగుతుంది. కోడలు ఒక్కొక్కరికీ మొదటి బొత్తాం నొక్కి, వస్తువు పంపండి, చూసి డబ్బిస్తాం అని రాసింది. అందరికీ ఒక్కసారిగా సీట్లు బాగైపోయాయి.

ఖాతావాళ్ళు మాకు 'నమ్మకమైన అమ్మకందారు' అని బిరుదు ఇచ్చారు. చిన్న వ్యాపారులకు రీఫండ్ల మీద తరగతి పెడుతున్నాం, మీరు రావాలి అన్నారు. నేను రానన్నాను. మావాడు తల ఎత్తి, వెళ్ళు నాన్నా, గాలి మారుతుంది అన్నాడు. ఇంట్లో కుర్చీ పోయిన సంగతి వాడికి అప్పటికీ తెలుసో లేదో నాకు తెలీదు.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గాజుల ఆవిడ, సబ్బులు కాచే ఆయన, పాత పుస్తకాలవాళ్ళు, అందరూ వచ్చారు. టై కట్టుకున్న అబ్బాయి తెర మీద మూడు బొత్తాలు చూపించాడు. ఇది నొక్కితే ఇలా, అది నొక్కితే అలా అని బాణాలు గీశాడు. రీఫండ్ అంటే నష్టం కాదు, బంధం అన్నాడు. అందరూ రాసుకున్నారు. కమీషన్ వెనక్కి ఇస్తారా అని సబ్బులాయన అడిగాడు. మంచి ప్రశ్న అన్నాడు అబ్బాయి. తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయాడు.

చివర్లో మా కొట్టు పేరు చెప్పి, నన్ను లేపి నిలబెట్టాడు. పెద్దాయన అనుభవం మనందరికీ పాఠం అన్నాడు. కోడలు నా చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది, ఏదైనా అంటానేమోనని.

"మీరే చెప్పండి సార్. మూడింట్లో ఈ కొంత రీఫండ్ ఎప్పుడు నొక్కాలి?"

అందరూ కలాలు పట్టుకుని నాకేసి చూశారు.

"వస్తువు మనకు అక్కర్లేనప్పుడు" అన్నాను.

సరిగ్గా చెప్పారు అన్నాడు. చప్పట్లు కొట్టారు. కోడలు కొట్టలేదు. నా చేతిలో ఒక స్టిక్కరు పెట్టి, దుకాణం గుమ్మం దగ్గర అందరికీ కనపడేచోట అతికించమన్నాడు.

గుమ్మం దగ్గర చోటుకేం, చాలా ఉంది.